ఒకవైపే అరిగిన లాడం

"నొప్పిగా ఉందని గుర్రం నీ చెవిలో చెప్పిందా?" రేసుల విచారణలో ట్రైనర్ వెటకారంగా అడిగాడు.

లాడాలు కొట్టే పెద్దాయన సంచిలోంచి పాత లాడం తీసి బల్లమీద పెట్టాడు. "చెప్పక్కర్లేదు సార్. ఒకవైపే అరిగింది చూడండి, గుర్రం కుంటితేనే ఇలా అరుగుతుంది. కుంటే కాలికి నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ పొడిచి పరిగెత్తించారు."

ఆ గుర్రాన్ని రేసుల్లోంచి తప్పించారు. జీవకారుణ్యం మీద ఉపన్యాసాలు దంచేవాళ్ళు ఆయనకు చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయారు.

మర్నాటి నుంచి ఏ గుర్రపుశాలా ఆయన్ని పనికి పిలవలేదు. ఆ గుర్రానికే జాకీగా ఉన్న బావమరిది, "నా నోటి దగ్గర కూడు లాగేశావు కదా బావా" అని ఇంటికి రావడం మానేశాడు. ఇప్పుడాయన ఇనప గేట్లు అతుకుతూ, మాట్లాడే మనిషి లేక రేడియోతో వాదిస్తుంటాడు.

పదకొండు గుర్రాలకు లాడాలు కొట్టిన కూలి ట్రైనర్ ఇంకా ఇవ్వలేదు.