దాటనివ్వని ఇరవైమూడు నిమిషాలు

మీరు చేసిన తప్పును వేరే మనిషి పదేండ్లకు పైగా తన మీద వేసుకొని తిరిగినాడు. ఆ సంగతి ఆయన్ను సాగనంపిన రోజే మీకు తెలిసింది. అప్పుడు మీరేం చేస్తారు? నోరు మూసుకొని ఇంటికి పోతారా? పోవచ్చు. నేనూ బస్సెక్కేదాకా అట్లే పోయినాను.

తిరుత్తణిలో స్టూడియో మామ కాలం చేసినాడు. పోయిన నెల ఒక ఉదయం నేను మణవాళనగర్‌లో ప్రార్థన కూటానికి బయలుదేరి, గ్రంథం సంచిలో పెట్టుకుంటా ఉండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాయన లేడన్నా" అనింది. షుగరు చాన్నాళ్లుగా ఆయన్ను తింటానే ఉండింది. ఆ రోజు నేను ప్రసంగం చెయ్యలేదు. వాక్యం చేతికి తీసుకున్నప్పటినుంచి నేను అట్ల మానింది అదే మొదలు.

మామ నాకు చుట్టం కాదు. నుదుట విభూతి, కొండ మీది సామికి దండం పెట్టకుండా షట్టరు ఎత్తని మనిషి. నేను ఏ బడిలోనూ నేర్వకుండా, చదివిందే చదివి, ఊరూరా తిరిగి గొంతు పోయేదాకా అరిచే వాక్యం మనిషిని. నన్ను "అయ్యగారా" అని పిలిచేవాడు. అందులో సగం మర్యాద, సగం ఎగతాళి.

పెండ్లిండ్లు, చెవులు కుట్టేవి, కొండ మీద గుండు కొట్టించేవి వీడియో తీసి బతికినాడు. కానీ ఆయన ప్రాణమంతా తీసినాక చేసే పనిలో ఉండేది. తీసినదాన్ని డిస్కు చేసి, అంగట్లో కొన్న సినిమా మాదిరి చేతికిచ్చేదాకా ఊరుకోడు.

ఒక ఎండాకాలం మా కూటమోళ్లం ఒక సినిమా తీసినాం. కెమెరా అరువుది, నటులు మా ఇండ్లోళ్లే, కథ నాది. తాగుడు మానలేని రైతు ఒకడు ఇంటికి తిరిగొచ్చే కథ. ఆ రైతు వేషం మా అక్క మొగుడు, మా బావ వేసినాడు. బతుకులో చుక్క ముట్టని మనిషి తూలుకుంటా గట్టు మీద నడిస్తే పక్క చేన్లో నాట్లు వేసే ఆడవాళ్లు పని ఆపి చూసినారు. ఒక చోట చెప్పాల్సిన మాట మరిచిపోయి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని కెమెరా వైపు తిరిగి నవ్వేసినాడు. "అది తీసెయ్ మామా, భక్తి సినిమాలో ఈ ఇకఇకలేంది" అన్నాను నేను.

మామ ఆ ముక్కను సినిమాలోంచి తీసి పక్కన పెట్టుకున్నాడు.

ఆ డిస్కు కోసం వారం రోజులు ఆయన పక్కన కూర్చున్నాను. సినిమాను పద్నాలుగు ముక్కలుగా గుర్తు పెట్టినాడు. ఒక్కో ముక్కకు ఒక చిన్న బొమ్మ. ఆ బొమ్మ మీద నొక్కితే నేరుగా ఆ చోటికే పోవాల. డిస్కు వెయ్యగానే తెర మీదికొచ్చే మెనూలో తెలుగు అక్షరాలు కంప్యూటర్లో సరిగా పడకపోతే, బోర్డులు రాసే ఆయన చేత కుంచెతో రాయించి, ఫోటో తీసి పెట్టినాడు. అక్షరాలను నాలుగు పక్కలా రెండేసి వేళ్లు లోపలికి జరిపినాడు. "పాత టీవీ అంచులు తినేస్తుంది అయ్యగారా. ఇంట్లో ఉండేది పాత టీవీనే గదా" అన్నాడు. అంతా అయినాక ఎదురుగా టీ కొట్టు ఆమెను పిలిచి రిమోట్ చేతికిచ్చినాడు.

"ఏం నొక్కాలన్నా?" అనింది ఆమె.

"అది నేను చెప్తే ఇంక మెనూ ఎందుకు తల్లీ? నీకేం తోస్తే అది నొక్కు."

ఆమె తడబడినచోటల్లా మళ్లీ మార్చినాడు. మూడుసార్లు ఆమె టీ పొంగిపోయింది, మూడుసార్లూ మామనే తిట్టింది. "మెనూ అంటే ఇంటి వసారా" అనేవాడు మామ. "వచ్చినోడు కాసేపు నిలబడి, యాడికి పోవాలో వాడే చూసుకోవాల. మనం మెడ పట్టి తోయకూడదు."

నేను తోసినాను. అదే నా తప్పు.

సినిమాకు ముందు నా ప్రసంగం ఇరవైమూడు నిమిషాలు పెట్టమన్నాను. పెట్టడమే కాదు, ఎవరూ దాటకుండా చెయ్యమన్నాను. డిస్కులో ఆ ఏర్పాటు ఉంటుంది. ఒక ముక్కను తాళం వేసినట్టు చేస్తే, అది అయిపోయేదాకా రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా పని చెయ్యదు. మెనూ కూడా ఆ తరువాతే.

"వద్దు అయ్యగారా" అన్నాడు మామ. "దాటాలనుకునేవాణ్ణి దాటనీ. మనసైతే వాడే వెనక్కొచ్చి వింటాడు."

"వాక్యాన్ని దాటనిస్తే పాపం నాది మామా. నువ్వు చెయ్యకపోతే తిరువళ్లూరులో చేసేవాళ్లున్నారు."

"పోదుం ప్పా, చాలు" అని అరవం కలిపి విసుక్కుంటా చేయెత్తినాడు. "నీ డిస్కు, నీ ఇష్టం."

ముప్పై ఐదు డిస్కులు చేసినాడు. ముప్పై ఐదు ఇండ్లకు నేనే తిరిగి ఇచ్చినాను. అందరూ నా ప్రసంగం కూర్చొని వింటా ఉండారని పొంగిపోయినాను. వాళ్లకు వేరే దోవ లేదని నాకు తట్టలేదు.

ఎనిమిది నెలలకు మా బావ బోరు దగ్గర గుండె ఆగి పడిపోయినాడు. అక్కకు పిల్లల్లేరు. ఇంట్లో బావ ఫోటో కూడా సరైనది లేదు, రేషన్ కార్డులోది తప్ప. కదిలే బావ, మాట్లాడే బావ ఉండింది ఆ డిస్కులోనే.

కరెంటు కోతల కాలం అది. పావుగంట ఉంటుంది, అరగంట పోతుంది. అక్క డిస్కు పెడుతుంది. నేను మొదలుపెడతాను. పదిహేను నిమిషాలకు కరెంటు పోతుంది. వస్తుంది. మళ్లీ నేనే, మొదటినుంచి. అక్క రిమోట్ నొక్కుతుంది, నొక్కుతుంది, నా నోరు ఆగదు. మొగుణ్ణి చూసుకోవాలని కూర్చున్న ఆడమనిషి దినమంతా తమ్ముడి అరుపులు విని పడుకునింది. ఇవన్నీ అక్క నాకు చెప్పలేదు. చెప్తే నేను బాధ పడతానని.

చెప్పింది మామకు. ఊరినుంచి బస్సెక్కి తిరుత్తణికి పోయి, ఆ డిస్కు ఆయన ముందు పెట్టి, "అన్నా, ఇది ముందుకు పోవడంలేదన్నా" అని ఏడ్చిందంట. మామ నా పేరే ఎత్తలేదు. "అది నా కంప్యూటర్ చేసిన తప్పమ్మా. నేను చూసుకోకుండా ఇచ్చేసినాను, మన్నించు" అన్నాడంట. కూర్చోబెట్టి, టీ తెప్పించి, అప్పటికప్పుడే ఇంకొక డిస్కు చేసిచ్చినాడు.

ఇదంతా ఆయన్ను సాగనంపిన రోజు వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చొని అక్క చెప్పింది. "పాపం, ఆయన మిషన్‌లో తప్పు పడింది, అయినా ఎంత మర్యాదగా సరిచేసినాడో" అని కండ్లు తుడుచుకునింది. పక్కన ఉన్నోళ్లు తలలూపినారు. నేనూ ఊపినాను. చదివేవాళ్లారా, దాచకుండా రాస్తా ఉండాను. నేనూ తల ఊపినాను!

అప్పుడు మామ భార్య, అత్త, లోపలినుంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "అయ్యా, ఇవి మీవంట. అడిగితే ఇమ్మన్నాడు, అడక్కపోతే ఇయ్యొద్దన్నాడు. నువ్వు అడగలేదు. కానీ ఆయన లేడు గదా, నేనే ఇస్తా ఉండాను."

ముప్పై ఐదు డిస్కులు, నేను ఇండ్లకు పంచినవి కావు, మళ్లీ చేసినవి. ఒక్కో దాని మీద మార్కర్‌తో, ఆయన చేతిరాతతో మా సినిమా పేరు.

బస్సులో అక్కకు చెప్పినాను. తాళం వెయ్యమనింది నేనే అని, మామ వద్దన్నాడని, నేను బెదిరించినానని.

"ఇరవైమూడు నిమిషాలూ బాగానే చెప్పినావులే" అనింది అక్క. "పన్నెండోసారికి నాకే నోటికొచ్చింది. కావాలంటే ఇప్పుడు అప్పజెప్తా."

నేను నవ్వలేకపోయినాను. ఆమే నా చెయ్యి పట్టుకునింది.

నా ప్రభువు తలుపు దగ్గర నిలబడి తడతాడని, లోపలివాళ్లు తీసేదాకా కాచుకొని ఉంటాడని నేను వందల కూటాల్లో చెప్పినాను. చెప్పిన నోటితోనే గడియ పెట్టమన్నాను. ఆ మాటకు అర్థం తెలిసి నడుచుకున్నవాడు విభూతి పెట్టుకున్న మామ.

మరుసటి రోజు అక్క ఇంట్లో ఆ పెట్టెలో డిస్కు ఒకటి వేసినాం. తెర మీద ముందు నేను రాలేదు. మెనూ వచ్చింది. కుంచెతో రాసిన అక్షరాలు, మూడు బటన్లు. సినిమా, సన్నివేశాలు, మూడోది "అయ్యగారి మాట". నన్ను తీసెయ్యలేదు మామ. మనసైనవాళ్లు వచ్చి వినేలా ఒక పక్కన పెట్టినాడు. అక్షరాల వెనక గట్టు మీద మా బావ. మాట మరిచిపోయి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని, మన వైపు తిరిగి నవ్వతాడు. నేను తీసెయ్యమన్న నవ్వు. ఏ బటనూ నొక్కకపోతే మళ్లీ తిరుగుతాడు, మళ్లీ నవ్వతాడు. అక్కకు మామ అప్పుడు చేసిచ్చిన డిస్కూ ఇట్లాంటిదే, ఆమె సినిమా ఎక్కువసార్లు చూడనే లేదంట. మెనూ దగ్గరే కూర్చుంటుందంట.

నేను ఒక్కొక్కటిగా ముప్పై ఐదూ వేసి చూసినాను. ఏడు డిస్కులు అప్పుడే చెడిపోయినాయి, తిరుగుతాయి గానీ బొమ్మ రాదు. మిగిలినవి ఎన్నాళ్లుంటాయో చెప్పేవాడు లేడు. కొన్నింటిని పెన్‌డ్రైవుల్లోకి ఎక్కిస్తా ఉండాను, ప్లేయర్లు లేని ఇండ్ల కోసం.

అందుకే ఇది రాస్తా ఉండాను. ఆ సినిమాలో కనబడేవాళ్లలో పదకొండు మంది ఇప్పుడు లేరు. మీ ఇంట్లో నా డిస్కు ఉంటే, బీరువా అడుగునో, పాత టీవీ వెనకో, ఇప్పుడే వెతకండి. నాకు కబురు పెట్టండి, నేనే మీ గుమ్మానికి వచ్చి మార్చి ఇస్తాను, మన్నించమని అడుగుతాను. పండగ కానీ, కోతలు కానీ, పిల్లలు రానీ అనొద్దు. డిస్కు మీ తీరికను చూసి ఆగదు. మీ నాయన, మీ అమ్మ, మీ అన్న ఆ సినిమాలోని ఎండలో చేతులు కట్టుకొని, నా అరుపులు అయిపోయేదాకా ఇన్నేండ్లుగా నిలబడి ఉండారు. లేవండి. వాళ్లను ఈరోజే లోపలికి పిలవండి.