గుంపుకి తాళం నేర్పిన ఊనా

ఊనా హెఫర్నన్‌కి ఈ లోకంలో కీర్తి అంటూ ఏదైనా దక్కిందంటే అది గుంపు వల్లే. దారిన పోగయ్యే గుంపు కాదు, ఆవిడ స్వయంగా తయారు చేసిన గుంపు.

మెల్‌బోర్న్ శివారులోని వాళ్ల చర్చిలో ప్రతి గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం క్రీస్తు శ్రమల కథను పాత్రలు పంచుకుని చదువుతారు. క్రీస్తు మాటలు ఫాదర్ మడిగన్‌వి. క్రీస్తుకి శిక్ష వేసిన రోమన్ గవర్నరు పిలాతు వేషం పళ్ల డాక్టరుది. చంపమని కేకలు వేసే గుంపు పాత్ర మాత్రం బల్లల మీద కూర్చున్న భక్తులందరిదీ. పూర్వం ఆ భక్తులు "సిలువ వెయ్యండి" అన్న మాటను కరెంటు బిల్లు చదివినట్టు చదివేవారు. సాక్షాత్తూ దేవుడి కొడుకును చంపించేటప్పుడు ఇంత నిరాసక్తతా అని ఊనా మనసు చివుక్కుమంది. పక్కనే ఉన్న కాథలిక్ బాలుర బడిలో ఆవిడ మతబోధ టీచరు. ఆ లోటు తీర్చే భారాన్ని నెత్తిన వేసుకుని, పదో తరగతి పిల్లల్ని వెనక బల్లల్లో కూర్చోబెట్టి తాళం కట్టింది. రెండుసార్లు కాలు నేలకేసి కొట్టాలి, గుటక వేసినంతసేపు ఆగాలి, అప్పుడు కేక. ధమ్, ధమ్... "సిలువ వెయ్యండి!" మొదటి ఏడే ముందు వరుసలోని ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. బిషప్పుగారు ఒకసారి వచ్చి విని, "భయం వేసిందమ్మా" అన్నారు. అంతకు మించిన బిరుదు ఆవిడ కోరుకోలేదు.

అంతమాత్రాన ఆవిడకు యూదులంటే ద్వేషమనుకుంటే మనకే పాపం. గిప్స్‌ల్యాండ్‌లో పాడిరైతు కూతురుగా పుట్టింది. ఏడేళ్లప్పుడు, పూజ ఇంకా లాటిన్‌లో సాగే రోజుల్లో, గుడ్ ఫ్రైడేకి లోకంలో ఉన్న అందరి కోసమూ ఒక్కో ప్రార్థన చేసేవారు, ఒక్కోదానికీ మోకరించేవారు. యూదుల కోసం చేసే ప్రార్థన దగ్గర మాత్రం ఎవరూ మోకరించకూడదు. ఊనా అలవాటుకొద్దీ మోకాళ్ల మీద పడింది. తల్లి జడ పట్టుకుని పైకి లాగింది. "వాళ్లకి కాదే, లే!"

పందొమ్మిది వందల అరవై అయిదులో, యేసు మరణానికి యూదజాతిని నిందించకూడదని పోపుగారి రోమ్ ప్రకటించింది. టీచరు చదువులో ఉన్న ఊనా ఆ కాగితం చదివి ఏడ్చింది. జడ నొప్పి అప్పటికి తగ్గిందన్నమాట. ఆనాటి నుంచి ప్రతి ఏడూ ఆ పాఠం చెబుతోంది. ఉపవాస నియమాలకీ మిషన్ల చందా పెట్టెకీ మధ్య ఒక పీరియడు. పిల్లలందరూ పరీక్షలో సరిగ్గానే రాసేవారు. ఈ విషయంలో తన బడి పిల్లల వల్ల ప్రపంచానికి ఏ ప్రమాదమూ లేదని ఆవిడ ధీమా.

ఆ ధీమాకి మరో ఆధారం రీవా జిల్బర్మన్. యూదుల బడిలో లెక్కల టీచరు. ఏటా మార్చిలో రెండు బళ్ల మధ్య బాస్కెట్‌బాల్ పోటీ జరిగినప్పుడు గడియారం చూసే పని రీవాది, స్కోరు రాసే పని ఊనాది. యూదుల ఆహార నియమాల ప్రకారం ఊనా వంటింట్లో వండినదేదీ రీవా ముట్టదు. అందుకని ఊనా కొయ్యని బేరిపళ్లు తెచ్చేది. రీవా తన సంచిలోంచి తన కత్తి తీసి కోసుకునేది.

"మళ్లీ బేరిపండేనా? ఏళ్ల తరబడి నన్ను గుర్రంలా మేపుతున్నావే తల్లీ."

"నా చేతి కేకు తినవుగా మరి."

"నీ చేతి కేకు మీవాళ్లే తినరని విన్నాను."

ఇలా సాగుతున్న స్నేహానికి తొంభై తొమ్మిదో సంవత్సరం మార్చిలో, ఒక గురువారం మధ్యాహ్నం, చివరి క్వార్టర్ వచ్చిపడింది. యూదుల జట్టు ముందుంది. ఊనా బడి పిల్లలు మెట్ల మీద నిండిపోయి ఉన్నారు. మొదట యూదుల వడ్డీల మీద, ముక్కుల మీద పాతకాలపు చిల్లర కూతలు.

"ఒరేయ్, బంతి వదలవేంట్రా, వడ్డీకి తిప్పుతున్నావా?"

"ముక్కు పక్కకి తిప్పరా, బుట్ట కనబడట్లేదు!"

ఊనా తలెత్తి మెట్ల వైపు ఉరిమి చూసింది. అప్పుడే చెక్క మెట్లు అదిరాయి. ధమ్, ధమ్. గుటక వేసినంతసేపు నిశ్శబ్దం.

"యేసుని చంపారు!"

ధమ్, ధమ్. "యేసుని చంపారు!"

అందరికంటే ముందు ఊనాకి వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఆగాల్సినంతసేపూ ఆగారని. గురువుల బుద్ధి అంతే. రెండో ఆలోచన రావడానికి రెండో కేక దాకా పట్టింది. అది రాగానే లేచి నిలబడి "ఆపండి!" అని అరిచింది. ఒక్క గొంతుకి లొంగకుండా ఆ గుంపుకి శిక్షణ ఇచ్చింది తనే. ఎవరికీ వినబడలేదు.

రీవా చెయ్యి గడియారం మీంచి కదల్లేదు. "కూర్చో ఊనా," అంది మెల్లగా. "మావాడు బుట్టలో వేశాడు. నువ్వు రాయలేదు."

మర్నాడు తరగతిలో ఊనా పాఠం చెప్పలేదు. ఒకే ప్రశ్న అడిగింది.

"యేసుని ఎవరు చంపారు?"

"రోమన్లు, మిస్. పిలాతు, మిస్. మన పాపాలు, మిస్." అన్నీ సరైన జవాబులే.

"మరి నిన్న అరిచిందేమిటి?"

డెక్లన్ టియర్నీ లేచాడు. మర్యాదస్తుడు, ఫాదర్ దగ్గర పూజకు సాయం చేసే కుర్రాడు. "ఇది పరీక్షకండీ మిస్. అది మ్యాచ్‌కి."

"సిగ్గు లేదురా?"

"ఓడిపోతున్నాం కదా మిస్, ఏదో ఒకటి అనాలిగా." ఆగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "అయినా గుడ్ ఫ్రైడేకి మీరే అరవమంటారు. పుస్తకంలో 'యూదులు కేకలు వేసిరి' అనే ఉంది. ఆ కేక మా చేత వేయిస్తారు. అంటే అప్పుడు మేం యూదులమేగా?"

"కాదు నాయనా, ఆ గుంపు మనమందరం. అదే దాని అర్థం."

"ఆ సంగతి పుస్తకంలో లేదు మిస్."

లేదు. ఊనా వెతికింది కూడా.

ప్రిన్సిపాల్ కియోగారు చురుకైన మనిషి. బడి పరువు పోయేలోపు క్షమాపణ జరిగిపోవాలన్నారు. "మీరు కాస్త నేర్పించండి మిస్సెస్ హెఫర్నన్. గొంతులు కలవాలి. మీ చేతిలో ఆ విద్య ఉంది."

"ఎవరి మాట వాళ్లు చెప్పుకుంటే మంచిదండీ."

"అమ్మో, వాళ్ల మాట వాళ్లని చెప్పనిస్తే ఇంకేమన్నా ఉందా?"

ఊనా నేర్పలేదు. ప్రిన్సిపాల్‌గారే కాగితం రాసిచ్చారు. యూదుల బడి హాల్లో పిల్లలు వరసగా నిలబడి, ఎవరూ చెప్పకుండానే ఒక్కసారి గాలి పీల్చుకుని, గుటక వేసినంతసేపు ఆగి, ఒక్క గొంతుతో అన్నారు. "మమ్మల్ని క్షమించండి!" అద్భుతంగా కుదిరింది. కియోగారి కళ్లు చెమర్చాయి.

బయట కారు దగ్గర రీవా కనబడింది. ఊనా సంచిలో బేరిపండు ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు.

"మీవాళ్లు భలే చెప్పారు," అంది రీవా. "మావాళ్లకి ఇంత క్రమశిక్షణ లేదు."

"రీవా, ఆ తాళం నాదే. నేనే నేర్పాను."

"తెలుసు. ఎన్నో ఏళ్లుగా నీ గుంపు గురించి నాకు గొప్పలు చెబుతున్నది నువ్వేగా." రీవా తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడింది. "పోలండ్‌లో మా అమ్మ చిన్నప్పుడు మీ గుడ్ ఫ్రైడే వస్తే, చర్చి నుంచి వచ్చే గుంపులకి భయపడి కిటికీ తలుపులు బిగించి, పిల్లల్ని మంచం కింద పడుకోబెట్టేవారట. అది ఆ దేశం కథ, ఇక్కడ కాదర్రా అని నా పిల్లలకి చెప్పాను."

"వచ్చే ఏడు స్కోరు బల్ల దగ్గర..."

"గడియారం ఇంకొకరికి ఇచ్చేశాను ఊనా. మోకాళ్లు నొప్పి."

గడియారం దగ్గర కూర్చోవడానికి మోకాళ్లతో పనేమిటని ఊనా అడగలేదు.

మిగిలిన ఆశ ఒక్కటే. ఆ కేక ఈ శుక్రవారం వినబడకూడదు. ఫాదర్ మడిగన్ దగ్గరికి వెళ్లింది.

"పుస్తకం మార్చే అధికారం నాకెక్కడిది ఊనా? రోమ్‌కి రాయి."

"పుస్తకం మార్చమనడం లేదు ఫాదర్. పిల్లల్ని ఊరుకోమనండి చాలు. పాతరోజుల్లోలాగా చప్పగా చదువుదాం."

"నీ గుంపు కోసం పక్క పేటల నుంచి కూడా జనం వస్తున్నారు. కావాలంటే ఆ గుంపు అంటే మనమందరమని చర్చి కరపత్రంలో ఒక వివరణ వేద్దాం."

వేశారు. తీపి బన్నుల అమ్మకానికీ కార్లు అడ్డంగా పెట్టవద్దన్న విన్నపానికీ నడుమ రెండు వాక్యాలు.

గుడ్ ఫ్రైడేకి ఊనా పిల్లలకు తర్ఫీదు ఇవ్వలేదు. చివరి బల్లలో మూలకు కూర్చుని, నోరు విప్పనని ఒట్టు పెట్టుకుంది. పళ్ల డాక్టరు పిలాతు మాట పూర్తి చేశాడు. "ఇదిగో మీ రాజు!" వెనక బల్లల్లో పిల్లలు గాలి పీల్చిన చప్పుడు ఆవిడకు వినబడింది. తాళం ఇచ్చేవాళ్లు లేకపోయినా పై తరగతి వాళ్లు కింది తరగతికి ఎప్పుడో నేర్పేశారు.

ధమ్, ధమ్.

ఊనా నోరు విప్పలేదు. కానీ కిందకి చూసుకుంటే, ఆవిడ కుడికాలు రెండుసార్లూ సరిగ్గా తాళంలోనే పడింది. ఈసారి జడ పట్టుకుని లాగడానికి ఎవరూ లేరు.

"సిలువ వెయ్యండి!"

ముందు వరుసలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

పూజ అయ్యాక గుమ్మం దగ్గర పళ్ల డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఈ ఏడు గుంపు అదిరిపోయింది మిస్సెస్ హెఫర్నన్. నాకైతే ఒళ్లు జలదరించింది."

"థాంక్యూ," అంది ఊనా.