సింబిడియానికి మఫ్లరు

యెహెజ్కేలుగారి ఘనకార్యాలు వరసగా చెప్పుకుంటే మూడు. మొదటిది, గోదావరి వరదలో నిండు చూలాలిని అరటిబోదెల తెప్ప మీద ఆస్పత్రికి చేర్చడం. రెండోది, ఐదో తరగతితో బడి మానేసినా ముప్పయ్యేళ్ళు డ్రెస్సరుగా చేసి, కట్టిన కట్టు ఒక్కటీ జారకపోవడం. మూడోది, రాజోలు వ్యవసాయ ప్రదర్శనలో మొదటి బహుమతి కొట్టిన గుమ్మడికాయ, ముప్పై ఒక్క శేర్లది. డెబ్బై ఐదులో ఒమాన్ వచ్చి సమాయిల్ దగ్గర ఆస్పత్రిలో చేరేసరికి ఆయనకి యాభై రెండేళ్ళు. చేరిన వారంలోపే ఈ మూడూ వార్డు మొత్తానికి కంఠతా వచ్చేశాయి. కాలు విరిగి బహ్లా అనే ఊరి నుంచి వచ్చిన ఓ అరబ్బు పెద్దమనిషి, తెలుగు ముక్క రాకపోయినా, గుమ్మడికాయ చుట్టుకొలత చేతులతో చూపించడం నేర్చుకుని మరీ ఇంటికెళ్ళాడు.

డెబ్బై ఆరు మే నెలలో మాట్రనమ్మగారు సెలవు పెట్టి ఇంగ్లండు బయల్దేరింది. తల్లికి జబ్బు, తిరిగి రావడం ఫిబ్రవరిలోనే. ఆవిడ ఇదివరకు షిల్లాంగులో పనిచేసి అక్కణ్ణించి ఓ ఆర్కిడ్ మొక్క తెచ్చుకుంది. పేరు సింబిడియం. చలికొండల మొక్క. ఆవిడ చేతిలో ఏటా ఫిబ్రవరిలో పూసేది.

"దీన్ని ఎవరైనా చూసుకుంటారా?" అని అడిగితే స్టాఫంతా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టారు. యెహెజ్కేలుగారు లేచారు. లేచి గుమ్మడికాయ దగ్గర మొదలుపెట్టారు.

మందుల స్టోరు చూసే సిస్టర్ కృపావతిది నర్సాపురం. ఆవిడకి నోరూరుకోదు. "బాబాయిగారూ, పందిరేస్తే పాకడానికి ఇది పాదు కాదండీ. వేడి తగిల్తే చచ్చిపోద్దండి."

"నాకు చెప్తన్నావా అమ్మాయ్? ఫిబ్రవరికి అమ్మగారి బల్ల మీద పువ్వుంటాది, చూస్కో."

"లేకపోతే?"

"నువ్వేం చెయ్యమంటే అది."

"ఏం చెయ్యక్కర్లేదండీ. ఆ వరదా, ఆ కట్టూ, ఆ గుమ్మడికాయా, మూడూ మళ్ళీ ఈ ఆస్పత్రిలో ఎత్తకూడదు."

అందరూ ఘొల్లుమన్నారు. ఆయన మొహాన మాత్రం నెత్తురుచుక్క లేదు. ఉన్న ఆస్తంతా అదే మరి! "మరి పూస్తే?" అన్నారు.

"పూస్తే మొదట్నుంచీ చివరిదాకా చెప్పండి. గడియారం వైపు చూడకుండా, మధ్యలో మాటాడకుండా కూర్చుని వింటాను."

మాట్రనమ్మగారు వెళ్తూ ఓ కాగితం చేతిలో పెట్టింది. ఏ నెలలో మొక్కకేం చెయ్యాలో ఇంగ్లీషులో రాసింది. ఇంగ్లీషు రాదనడానికి ఆయనకి నోరు రాలేదు. కాగితాన్ని కాస్త దూరంగా, కాస్త దగ్గరగా పట్టుకుని చూసి, "మనకి తెల్సిందే" అని మడిచి బైబిల్లో కీర్తనల మధ్య పెట్టేశారు.

డ్రెస్సరు కదా, మొక్కని ముందు అడ్మిట్ చేసుకున్నారు. కుండీకి టెంపరేచర్ చార్టు తగిలించారు. పూటకోసారి థర్మామీటరు మొక్క వేళ్ళ దగ్గర గుచ్చి చూసేవారు. ఏసీ ఉన్నది మందుల స్టోరుకే కాబట్టి పేషెంటుని అక్కడ చేర్చారు.

"టీకామందుల పక్కన ఈ గడ్డేంటండీ?" అంది కృపావతి.

"గడ్డి కాదు, పేషెంటు."

"అయితే మంచం కూడా ఇప్పించండి."

పది రోజుల్లో ఆకులు వాలిపోయి కొసలు గోధుమరంగుకి తిరిగాయి. చీకటి గది, ఎండుగాలి. ఆయన నాడి చూసినంత గంభీరంగా చూసి, నీరసం అని తేల్చి, గ్లూకోజు కలిపి పోశారు. మర్నాడు పొద్దున్నకి కుండీ నించి దూది పొట్లాల దాకా చీమల బారు. కృపావతి కుండీ గుమ్మం బయట పెట్టి, చార్టు మీద 'డిశ్చార్జి' అని రాసి సంతకం కూడా పెట్టింది.

బయట నలభై నాలుగు డిగ్రీలు. కుండీ ఒళ్ళో పెట్టుకుని యెహెజ్కేలుగారు ఖర్జూరం చెట్టు నీడన కూలబడ్డారు. కొత్త వార్డు కడుతున్న మేస్త్రీ మల్లేశం అటువైపు వచ్చాడు. జగిత్యాల మనిషి.

"ఏంది పెద్దాయన, గట్ల కూసున్నవ్? ఎవలన్న పోయిన్రా?"

"పోయేలా ఉందిరా మల్లేశం."

మల్లేశం ఆకు పట్టి చూశాడు. "గింతదానికేనా? కొత్తగోడ పగలకుంట సైటుల తడి గోనెసంచులు కప్పుతం సూసినవా? గట్లనే దీనికి గూడ కప్పుదాం. గోడనే బతుకుతది, గిది బతకదా?"

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక ఇద్దరూ తోటకి నీళ్ళు తెచ్చే రాతికాలువ పక్కన నాలుగు కర్రలు పాతి, గోనెసంచులు చుట్టి, పైన బొట్టు బొట్టుగా కారేలా చిల్లుల డబ్బా కట్టారు. లోపల చెయ్యి పెడితే కుండలో పెట్టినట్టు చల్లగా ఉంది. వెలుతురు సందుల్లోంచి పడుతోంది. గాలి ఆడుతోంది. ఎండలు మండిపోయిన జూలైలో కూడా ఆయన రోజుకి నాలుగుసార్లు సంచులు తడిపారు. ఆగస్టులో పక్కనించి కొత్తపిలక లేచింది. ఆ రోజు వార్డులో అందరికీ తలా ఒక ఖర్జూరం ముట్టింది.

నవంబరు వచ్చింది. సమాయిల్లో రాత్రిళ్ళు చలి మొదలైంది. మన గోదారి మనిషికి కాస్త చల్లగాలి తగిల్తే చాలు, పెట్టెలోంచి కోతిటోపీ బయటికొస్తుంది. టోపీ పెట్టుకున్నాక ఆయనకి మొక్క గుర్తొచ్చింది. పాపం, చంటిది, కాలువ పక్కన వణుకుతోందని రూముకి తెచ్చి, కిరసనాయిలు స్టవ్వుకి బారెడు దూరంలో పెట్టి, తన ఉన్ని మఫ్లరు రెండు చుట్లు చుట్టి ముడేశారు. జారని కట్టు అది.

ఆకులు నిగనిగలాడుతున్నాయి. మొగ్గ మాత్రం లేదు. నెలాఖరయింది. ఇంక రెండు నెలలు. వరద పోతుంది, కట్టు పోతుంది, గుమ్మడికాయ పోతుంది. అవి లేని యెహెజ్కేలు అంటే వట్టి డ్రెస్సరేగా! ఓ ఉదయం కీర్తనల్లోంచి కాగితం తీసుకుని స్టోరు గుమ్మంలో నిలబడ్డారు.

"కళ్ళు మసకలమ్మా. ఇది కాస్త చదివి పెట్టు."

కృపావతి ఆయన వైపు ఓ క్షణం చూసి కాగితం తీసుకుంది. మే, జూను, జూలై, అన్నీ చదువుకుంటూ వచ్చి ఓ చోట ఆగింది.

"బాబాయిగారూ, మొక్క ఇప్పుడెక్కడుందండీ?"

"రూములో. స్టవ్వు దగ్గర. మఫ్లరు కూడా కట్టాను."

ఆవిడ నవ్వి నవ్వి స్టూలు మీద కూర్చుండిపోయింది. "అక్టోబరు నించి రాత్రిళ్ళు ఆరుబయట చలిలో ఉంచాలని రాసిందండీ. చలి తగిల్తేనే మొగ్గేస్తదంట!"

"ఆర్నెల్లు చంటిపిల్లలా సాకి, ఇప్పుడు చలిలో పారెయ్యమంటే ఏం మనుషులమ్మా వీళ్ళు!" అని, కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగారు, "చదవకుండా ఊరుకుంటే పందెం నీదే కదే?"

"మీరు నోరు మూసుకుంటే నైట్ డ్యూటీలో నాకు నిద్రొచ్చేస్తదండి. పదండి, ఆ మఫ్లరు విప్పండి ముందు."

మొక్క డాబా మీదికెక్కింది. క్రిస్మస్ ముందు మొక్క మొదలు దగ్గర వేలంత మొలక పొడుచుకొచ్చింది. ఆకు మొలకో, పూమొలకో తెలీక రోజూ వేలితో తడిమేవారు. మొనదేలకుండా బొద్దుగా ఉంటే పూమొలకేనని కాగితంలో ఉందని కృపావతి చెప్పింది. ఆ మాట ఆవిడ చేత మూడుసార్లు చదివించుకున్నారు.

ఫిబ్రవరిలో మాట్రనమ్మగారు వచ్చేసరికి బల్ల మీద తొమ్మిది పువ్వుల గెల. లేతాకుపచ్చ రేకులు, మధ్య పెదవి మీద ఎర్రటి చుక్కలు. ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

సాయంత్రం వార్డు వరండాలో కుర్చీలేశారు. పందెం ప్రకారం కృపావతి గడియారానికి వీపు పెట్టి కూర్చుంది. మల్లేశం సిమెంటు చేతులతోనే వచ్చాడు. యెహెజ్కేలుగారు గొంతు సవరించుకున్నారు.

"ముందో మాట. కాగితం చదివింది ఈ కృపావతి. నాకు ఇంగ్లీషు రాదు." ఎవరూ నవ్వలేదు. ఆయన తల పైకెత్తారు. "ఇంక వినండి. ఇవాళ్టినించి నా ఘనకార్యాలు నాలుగు. నాలుగోదే ముందు చెప్తాను. డెబ్బై ఆరు, మే నెల..."

అరగంట గడిచింది. కృపావతి నవ్వు బిగబట్టుకుని కళ్ళమ్మట నీళ్ళు తుడుచుకుంటోంది. మల్లేశం ఉండబట్టలేక చెయ్యెత్తాడు.

"పెద్దాయన, మరి నా గోనెసంచులెప్పుడొస్తయే?"

"కూర్చోరా," అన్నారు యెహెజ్కేలుగారు. "ఇంకా అమ్మగారు విమానమే ఎక్కలేదు."