పాలిచ్చే టైము

కొడుకు పాలు మానేస్తానంటే వద్దని బతిమాలుకున్న తల్లిని నేను.

మా ఆయన పోయేనాటికి వాడికి ఏడాది. ఆలూరు పక్కన శనక్కాయ చేలల్లో కలుపుకు పోయేదాన్ని. వంగితే లేవకూడదు. చేనుగలామె గట్టు మీద గొడుగేసుకుని కూర్చునేది. ఎవరైనా నడుమెత్తితే పక్క చేలవాళ్లకు కూడా వినపడేట్టు తిట్టేది. ఒక్క పాలతల్లికి మాత్రం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చెట్టు నీడకు పోయే వీలుండేది. అక్కడ మా అత్త పిల్లాడిని పెట్టుకుని ఉండేది. వాడు తాగినంతసేపూ నేను చెట్టుకు నడుము ఆనించుకునేదాన్ని. ఆ సుఖం ఏమని చెప్పేది!

అట్లా వాడికి మూడేళ్లు నిండాయి. సంగటి ముద్దలు మింగుతున్నాడు.

"ఇంగ మాన్పీమ్మే, యాపాకు నూరి పుయ్యి," అనేది మా అత్త.

"నర్సమ్మ ఇయ్యమనింది లేత్తా," అనేదాన్ని.

ఊరికొచ్చే ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది రెండేళ్లు. మూడో ఏడు చెప్పింది నా నడుము.

ఒకరోజు వాడే మూతి తిప్పుకున్నాడు. "నాకొద్దుమా, ఉప్పగుండాది."

చెమట మరి! వాడు మానితే నాకు నీడ పోయినట్టే.

అందరూ మాన్పించడానికి వేపాకు పూస్తారు. నేను మరుసటి రోజు బెల్లం ముక్క కొంగులో పెట్టుకుపోయి పూసుకున్నాను. వాడు బెల్లం నాకేసి, గొర్రెపిల్లల వెంట ఉరికిపోయాడు. నేను మాత్రం కొంగు కప్పుకుని, వాడు ఒళ్లో ఉన్నట్టే కూర్చున్నాను. కాసేపటికి చీమలు పట్టాయి. ఓర్చుకున్నాను, ఓర్చుకున్నాను, ఇక ఓర్చుకోలేక లేచి గంతులేశాను. కొంగులోంచి బెల్లం ముక్క పడింది. పిల్లాడు పడలేదు.

చేనుగలామె వచ్చి నిలబడింది. "పిల్లోడు యాడే? అదో, గొర్రెల ఎనక ఉరుకుతాండాడు. నువ్వు ఎవురికి పాలిస్తాండావు?"

"నా నడుముకమ్మా," అనేశాను.

కలుపు ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నొప్పంటే చెప్పల్ల గదా?"

"చెప్తే కూసోనిస్తాంటివా?"

ఆమె గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. రేపటి నుంచి పనికే రావద్దంటుందనుకున్నాను.

"పోండి, అందరూ పోయి పావుగంట కూసోండి. రోజూ ఇంతే. మళ్ల బెల్లాలు గిల్లాలు తెచ్చినారంటే చూడు," అంది.

మాలో అందరికంటే పెద్దామె, మనవళ్లు పెళ్లీడుకొచ్చినామె, చెట్టు కింద కాళ్లు చాపి నడుము వాల్చింది.

"నా కొడుక్కి మీసాలు నెరిసినాక దొరికెనే నాకు పాలిచ్చే టైము!"