ఫైనల్‌కు ముందు శనివారం

మొన్న మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వాట్సాప్ గ్రూపులో ఎవరో పాత ఫోటో పెట్టారు. పదకొండు మందిమి జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని, రన్నర్స్ కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నాం. కింద ఒకటే పొగడ్తలు. బంగారు రోజులట, మనలాంటి జట్టు మళ్లీ రాదట. ఏటా ఎవరో ఒకరు ఆ ఫోటో పెట్టడం, ఏటా నాకు ఒళ్లు మండటం మామూలే. కప్పు మీద రన్నర్స్ అన్న మాట వీళ్లకెవరికీ కనపడదా? నాకు ఆ ఫోటోలో అదొక్కటే కనిపిస్తుంది.

ఆ ఏడు మేము ఆడిన ఆట మాత్రం ఆటే. తిరుపతిలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారంటే నవ్వే కాలం అది. గ్రౌండు నిండా పల్లేరుకాయలు. ప్రాక్టీసుకు ముందు పావుగంట వాటిని ఏరడమే మా వార్మప్. అలాంటి గ్రౌండులో నేర్చుకుని, చిత్తూరు వాళ్లనూ మదనపల్లె వాళ్లనూ వాళ్ల ఊళ్లోనే ఓడించి, ఒక్క మ్యాచ్ పోకుండా సెమీఫైనల్ దాకా వచ్చాం. వచ్చామంటే మా వదిన కాళ్ల చలవ. వదినంటే మా మేనమామ కూతురు, జట్టు కెప్టెన్, రోజూ రేణిగుంట నుంచి బస్సులో వచ్చేది. బంతి ఆమె కాలికి అందిందంటే అవతలి గోల్‌కీపర్ ఆశ వదులుకోవాల్సిందే. ఫైనల్ చూడటానికి రైల్వే జట్టుకు అమ్మాయిలను ఎంచుకునేవాళ్లు వస్తున్నారని, నచ్చితే ఉద్యోగమేనని మా పీడీ మేడమ్ చెప్పింది. ఆ రోజు నుంచి వదిన సీటున్నా కూర్చోకుండా బస్సులో నిలబడే వచ్చేది, కాళ్లు గట్టిపడతాయని.

మా జట్టు గోల్‌కీపర్ని నేను. సెమీఫైనల్లో ఒక గోలు ముందున్నాం, ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా అవతలి వాళ్లకు పెనాల్టీ ఇచ్చారు. "సామీ, ఈ ఒక్కటీ ఆపించు, జట్టంతా మెట్లపూజ సేస్తాం" అని అందరికీ వినపడేలా మొక్కేశాను. బంతి నా మోచేతికి తగిలి బయటికి పోయింది. మెట్లపూజంటే అలిపిరి నుంచి కొండ పైదాకా మూడున్నర వేల మెట్లు, ఒక్కోదానికీ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కడం. ఫైనల్ ఆదివారం. అదయ్యాక ఎక్కుదామంది వదిన. సరేనని ఊరుకుంటే పోయేది. నేను ఇంటికెళ్లి మా అవ్వకు చెప్పాను. "ముందరి మొక్కు తీర్సకుండా ఇంకోటి యా మొగం పెట్టుకోని అడగతారు మే? శనివారం సామి దినం, ఆ పొద్దే ఎక్కేయండి" అంది అవ్వ. ఇక నాకు భయం పట్టుకుంది. ఆ భయాన్ని నా దగ్గరే ఉంచుకోకుండా జట్టులో ఒక్కొక్కరికీ అంటించాను. "కాళ్లు పట్టేస్తాయి మే" అని వదిన ఒకసారి అంది. మిగతా వాళ్ల మొహాలు చూసి ఊరుకుంది. మ్యాచ్ ముందు రోజు పులిహోర కూడా ముట్టనివ్వని పీడీ మేడమ్, మొక్కు అనగానే తనూ కర్పూరం ప్యాకెట్టు పట్టుకుని బయలుదేరింది. తిరుపతిలో పుట్టినవాళ్లు మొక్కుకు అడ్డెలా చెబుతారు?

గాలిగోపురం దాకా నవ్వుకుంటూనే వెళ్లాం. నిట్టనిలువుగా ఉండే మోకాళ్ల మెట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆదివారం పొద్దున మంచం దిగబోతే తొడలు నావి కావు. మైదానంలో పదకొండు మందిమీ ముసలమ్మల్లా నడిచాం. ఆట మొదలైన కాసేపటికి బంతి వదిన ముందుకొచ్చింది, గోలు దగ్గర అడ్డం ఎవరూ లేరు. కాలు ఎత్తింది, పిక్క పట్టేసి అక్కడే కూలబడింది. అవతలి వాళ్లు కొట్టిన రెండు గోల్సూ నా పక్క నుంచి దొర్లుకుంటూ పోయాయి, వంగలేక చూస్తూ నిలబడ్డాను. రైల్వే వాళ్లు సగం ఆటకే లేచి వెళ్లిపోయారు. ఎవరి మీద విసుక్కోను? స్వామి మీద విసుక్కునే ధైర్యం నాకు లేదు, అవ్వ ఎప్పుడో పోయింది. అన్నిటికంటే నన్ను ఉడికించేది ఏమిటంటే, వదిన ఆ రోజు ఒక్క మాట అనలేదు. నా భుజం మీద చెయ్యేసుకుని బస్సు దాకా కుంటుతూ నడిచింది. తరువాత ఎన్ని పెళ్లిళ్లలో కలిశామో, చీరల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడుతుందే తప్ప ఆ మాట ఎత్తదు.

ఈసారి ఉండబట్టలేక ఫోన్ చేశాను. వదిన ఇప్పుడు రేణిగుంటలో ఒక గోడౌన్‌లో పనిచేస్తోంది. డ్యూటీ దిగి ఇంటికి నడుస్తోంది.

"నన్ను అప్పుడే తిట్టుండొచ్చు గదా వదినా" అన్నాను.

లారీల రోడ్డు దాటి పక్క సందులోకి మళ్లినట్టుంది, చప్పుడు తగ్గింది.

"సామి ఒక్క దినం ఆగుండేవోడు మే. నువ్వే ఆగలేదు" అంది. "నాకు ఆ ఉద్యోగం వచ్చుండేది."

గొంతులో కోపం లేదు. అన్నం తిన్నావా అని అడిగి, పిల్లలను అడిగినానని చెప్పమని ఫోన్ పెట్టేసింది. ఆ మాట ఆ రోజే అనేసి ఉంటే ఈ పాతికేళ్లలో అరిగిపోయి ఉండేది. ఇప్పుడు కొత్తగా పడింది, అరగడానికి నాకు అన్నేళ్లు ఉన్నాయో లేదో.