కమానుకు పల్లి నూనె

మొన్న ఇంటికి సున్నం వేయిస్తూ గూట్లో ఉన్నవన్నీ కిందికి దించుతుంటే మా ఇంటాయన కుంచె దొరికింది. పడుగు మగ్గం ఎక్కే ముందు దానికి గంజి పట్టించే కుంచె అది. వీధి పొడుగునా నూలు సాగదీసి, గంజిలో నాలుగు చుక్కల పల్లి నూనె కలిపి, ఆయన ఆ కొస నుంచి, నేను ఈ కొస నుంచి దువ్వుకుంటూ వచ్చేవాళ్లం. నడుమ ఎదురుపడ్డప్పుడు కూడా ఆయన నా మొఖం చూడడు, నా వైపు దారాలు చూస్తాడు. ఇప్పుడా కుంచెలో నూలు పోగు ఒక్కటీ లేదు గానీ, తెల్లటి గుర్రపు వెంట్రుక ఒకటి ఇరుక్కొని ఉంది. పక్కనున్న నా బిడ్డకు చూపిస్తే నవ్వి, "ఇంక దాచిపెట్టినవా అమ్మా గా నేరాన్ని" అంది. నేరమే. నా చదువు సంతకం దాకానే వచ్చింది, అందుకని నేను చెప్తుంటే ఈ నేరం కూడా అదే రాస్తోంది.

ఆ ఏడు నా మనవరాలు, అంటే ఈ బిడ్డ కూతురు, ఆరో తరగతి. తల్లీదండ్రీ ఇద్దరూ ఆలేరులో బట్టల దుకాణంలో పనికి పోతారు కాబట్టి బడి లేని పూట పిల్ల నా దగ్గరే. బడికి కొత్తగా సంగీతం సారు వచ్చాడు. ఆత్మకూరు దిక్కు మనిషి, ఎంత ఎండలోనైనా చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. బడిలో ఫిడేళ్లు ఉన్నవి నాలుగు, నేర్చుకుంటామన్న పిల్లలు పది మంది. శనివారం వంతులేసి ఇంటికిచ్చి పంపుతాననీ, సోమవారం నాలుగు తీగలూ శుభ్రంగా పలికించినవాళ్లే తరగతిలో ఉంటారనీ చెప్పాడట.

తన వంతు వచ్చిన శనివారం మనవరాలు ఫిడేలు పెట్టెను పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి మగ్గం గుంట పక్కన చాప వేసుకుని కూర్చుంది. మగ్గం అప్పటికే లేదు. ఆయన పోయిన ఏడాదికి విప్పి ఇచ్చేశాం. ఆయన కాళ్లు పెట్టుకుని నేసిన గుంట మాత్రం నేను పూడ్చనియ్యలేదు. మట్టి తెస్తానని అల్లుడు రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ వినబడనట్టు ఊరుకున్నాను. పిల్ల తీగల మీద కమాను లాగితే ఫిడేలు నూనె లేని తలుపు తెరిచినట్టు అరిచింది. పక్కింటి వదినె వాకిట్లోంచే, "పిల్లిని గిట్ల తొక్కినవా ఏందే" అంది. పిల్ల మొఖం చిన్నబోయింది. నాకు మనసున పట్టలేదు. ఆదివారం అది స్నానానికి పోయినప్పుడు కమాను చేతికి తీసుకుని చూశాను. పట్టు పోగుల్లాంటి తెల్లటి వెంట్రుకలు, వాటి నిండా ఏదో పొడి. దుమ్ము పట్టిన పోగు అరవక ఏం చేస్తుంది అనుకున్నాను. ఎండిపోయిన పడుగు కూడా మగ్గం మీద అట్లాగే కిర్రుమనేది. తడిబట్టతో పొడంతా తుడిచి, ఆరనిచ్చి, కుంచెను పల్లి నూనెలో ముంచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా దువ్వి పెట్టాను. నిగనిగలాడింది. ఆయన ఉంటే మెచ్చుకునేవాడని కూడా అనుకున్నాను.

పిల్ల వచ్చి కమాను లాగింది. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా లాగింది. మంచు మీద జారినట్టు జారిపోయింది. పెట్టెలోంచి బెల్లం ముక్కలాంటి బిళ్ల తీసి ఎంత రుద్దినా లాభం లేదు. "అమ్మమ్మా, పలుకుతలేదు" అంది. చెప్పేశాను, మెత్తబడుతుందని నూనె రాశానని. అది కమానును మెల్లగా పెట్టెలో పెట్టి మూత వేసింది. తిట్టినా బాగుండేది.

సోమవారం నేనూ బడికి పోయాను. లోపలికి రావద్దని నన్ను గుమ్మం దగ్గరే ఆపి, అది ఒక్కతే సారు ముందుకు పోయి, "నేనే రాసిన సారు" అంటోంది. ఇక ఆగలేకపోయాను. "అది అబద్ధం చెప్తాంది సారూ. రాసింది నేను."

సారు కమానును వాసన చూశాడు. "ఏం నూనె అమ్మా?"

"పల్లి నూనె సారు. మంచిదే, గానుగది."

పిల్లలంతా నవ్వారు. సారు నవ్వలేదు. ఆ పొడి దుమ్ము కాదట, బిళ్లతో కావాలని రుద్దేదట, ఆ గరుకుతోనే తీగ పలుకుతుందట. పట్నం పంపి ఆ గుర్రపు వెంట్రుకలన్నీ మార్పించాలి, నెల పడుతుందన్నాడు.

"గా నెలంత నేను బయటనే ఉండాల్నా సారు?" అని అడిగింది పిల్ల.

సారు ఫిడేలు తీసుకుని వెనక్కి తిరిగి, ఒక తీగ వదులు చేసి దాని ఒళ్లో పెట్టాడు. కళ్లు మూసుకుని ఏది వదులో చెప్పమన్నాడు. వేలితో ఒక్కొక్కటీ మీటి, "మూడోది" అంది. ఇంకొకటి వదులు చేశాడు. అదీ చెప్పింది. ఎవరు నేర్పారంటే, తాత అంది.

నిజమే. ఆయన మగ్గం మీద కూర్చుని నేత మొదలుపెట్టే ముందు పడుగును వేలితో మీటి చెవి పెట్టేవాడు. ఈ పిల్లకు నాలుగేండ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని మీటనిచ్చి, "నిద్రల ఉన్నదా, లేసిందా?" అని అడిగేవాడు. బిగువుగా ఉంటే లేచినట్టు. దానికి అది యాదికుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

కమాను వచ్చేదాకా వేళ్లతోనే నేర్చుకొమ్మని సారు దాన్ని తరగతిలో ఉంచాడు. కమాను లేని ఫిడేలు ఇంకెవరికీ పనికిరాదని ప్రతి శనివారం దానికే ఇచ్చి పంపాడు. ఆ నెలంతా శనివారం, ఆదివారం పిల్ల గుంట పక్కన కూర్చుని మీటుతుంటే, నేను పొయ్యి దగ్గర ఏదో పని పెట్టుకునేదాన్ని. తిరిగి చూసేదాన్ని కాదు. చూడకపోతే, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని ఆయన కూర్చున్నట్టే ఉండేది. ఇప్పుడు దగ్గుతాడు, ఇప్పుడు చాయ్ అడుగుతాడు అనిపించేది. ఒకసారి రెండు గ్లాసుల చాయ్ పోసి, రెండోది నేనే తాగాను.

కమాను బాగై వచ్చిన రోజు ఇంట్లో అందరూ సంబరపడ్డారు. పిల్ల నాలుగు తీగలూ శుభ్రంగా పలికించింది. నేనూ సంబరపడ్డాను. కానీ ఇంకో పది దినాలు ఆగి వస్తే ఏం పోయేది అనిపించింది. ఈ మాట ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పలేదు. రాస్తున్న నా బిడ్డ ఇప్పుడే తలెత్తి చూసింది.

మనవరాలు ఇప్పుడు పట్నంలో సంగీతమే చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు గుంట పక్కన చాప వేసుకుని, కమాను తీసే ముందు నాలుగు తీగలూ ఒక్కొక్కటి వేలితో మీటుతుంది. "లేసిందా అమ్మమ్మా?" అని అడుగుతుంది. లేచిందంటాను. ఆ నాలుగు మీటుల మధ్య ఎంత సందుందో, పోయిన దినాలు నా ఇంట్లో అంతసేపే కూర్చుంటాయి. ఇంకాసేపు ఉండమని నేనూ అడగను, పిల్లకు కమాను అందిస్తాను.