మూడో కౌంటరు మీద రెండు వందల పద్నాలుగు ఫిర్యాదులు

తిరుమలరావు గారికి ఒకే ఒక్క వ్యసనం. చుట్ట కాదు, పేకాట కాదు. ఫిర్యాదు. రాయపూర్ దగ్గరి ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సెక్టర్ 7 బ్యాంకు బ్రాంచిలో గోడకు గొలుసుతో కట్టిన ఫిర్యాదుల పుస్తకంలో రోజుకొకటి రాస్తే తప్ప ఆయనకు అన్నం సహించేది కాదు. ఆదివారాలు, రెండో శనివారాలు మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారని సెక్టర్‌లో వాడుక.

ఆ ఫిర్యాదు కూడా తిన్నగా ఉండేది కాదు, ముందు ఆత్మకథ. "రాజాం దగ్గర మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి, తాలూకాలో రెండో ర్యాంకు (మొదటిది హెడ్మాస్టరు గారి కొడుక్కి వచ్చింది, కారణం లోకవిదితం), బ్లాస్ట్ ఫర్నేసులో ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, ఒక్కరోజు లేటు లేదు, ఉత్తమ సలహాదారుగా రెండు గోడ గడియారాలు, ఒక ప్రెషర్ కుక్కరు బహుమతి, అట్టి నేను విన్నవించునది ఏమనగా..." ఇలా పేజీన్నర నడిచాక, పెన్నులో సిరా లేదని ఒక వాక్యం. రాసేది హిందీలోనే. కాకపోతే ఆ హిందీ రాజాం మీదుగా వచ్చేది.

మేనేజరు ఉదయ్‌కుమార్ సెక్టర్ 2లో పుట్టి పెరిగిన తెలుగువాడు. అమ్మతో తెలుగు, మిగతా ప్రపంచంతో హిందీ. అతను వచ్చేనాటికి బ్రాంచిలో ఆరు కౌంటర్లుండేవి. అభివృద్ధి జరిగి జరిగి ఒకటి మిగిలింది, మూడో నంబరుది. తక్కిన అయిదింటి చోటా సేవలు మెరుగుపడ్డాయి. ఒకచోట పాస్‌బుక్కు అచ్చువేసే యంత్రం నిలబడింది. 'మరమ్మతులో ఉంది' అని దాని నుదుట అంటించిన కాగితం మాత్రం చక్కగా అచ్చయింది. ఇంకోచోట, బ్యాంకంతా ఫోనులో ఇమిడిపోయిందని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. మిగతా మూడు చోట్లా పూలకుండీలు. పూలు ప్లాస్టిక్‌వి. వాటి మీదా తిరుమలరావు గారు రాశారు: నీళ్ళు పోసే దిక్కులేదని.

"అంకుల్‌జీ, యాప్ పెట్టుకోండి. ఇంట్లో కూర్చునే ఫిర్యాదు చెయ్యొచ్చు" అన్నాడు ఉదయ్‌కుమార్ ఓరోజు, ఆయన్ని ఇంట్లోనే కూర్చోబెట్టాలన్న ఆశతో.

"దాన్నెవుడు చదువుతాడు బాబూ?"

"కంప్యూటర్. సబ్ ఆటోమేటిక్ హై."

"దానికి కోపం వస్తాదా?"

"రాదు అంకుల్‌జీ."

"అయితే నాకొద్దు."

నాలుగో కౌంటరు తీసేసిన రోజు నుంచి ఆయన ధోరణి మారింది. ఫ్యాన్లు, పెన్నులు, పూలకుండీలు బతికిపోయాయి. మొత్తం గురి మూడో కౌంటరులో కూర్చునే మీనాక్షి మీదికి తిరిగింది. ఉదయం పదిన్నరకు ఎదురు బెంచీ మీద చేరి, చేతి గడియారం చూసుకుంటూ ఆమెను గమనించడం. ఒంటిగంటకు లేచి పుస్తకంలో రాయడం.

ఆ పేజీన్నర ఆత్మకథను దాటిన వీరుడు బ్రాంచిలో ఇంతవరకూ పుట్టలేదు. ఉదయ్‌కుమార్ అడుగున ఉన్న రెండు లైన్లే చూసేవాడు. 'కౌంటరు మూడు, ఇరవై రెండు నిమిషాల కాలయాపన. చర్య తీసుకోగలరు.' వెంటనే మీనాక్షికి ఒక మెమో. ఆమె నుంచి ఒక సంజాయిషీ. ఫైలులో రెండూ గుచ్చేస్తే బ్యాంకుకు మనశ్శాంతి.

మీనాక్షికి ఓరోజు ఒళ్ళు మండింది. అద్దం కింది సందులోంచి అడిగేసింది.

"ఏటంకుల్, నా మీద మీకేటి కక్ష?"

"కక్షేటమ్మా! ఇందాకటి ఆయనకి పద్దెనిమిది నిమిషాలు తీసుకున్నావా, లేదా?"

"ఆయనకి వినబడదు!"

"అదీ రాస్తాను. పద్దెనిమిది నిమిషాలు, గట్టిగా అరుస్తూ."

ఇలా పది నెలలు గడిచాక పైనుంచి కబురొచ్చింది. మూడో కౌంటరు కూడా అనవసరం. వచ్చే నెల నుంచి మనిషితో పని ఉన్నవాళ్ళు నెహ్రూ నగర్ బ్రాంచికి పోవాలి, మీనాక్షి కూడా అక్కడికే. బెంచీ మీద ముసలివాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆటోలు మారి అంత దూరం పోవడం ఒక ఎత్తు. పోయాక అక్కడి రద్దీలో మీనాక్షికి తమకోసం తీరిక ఉండడం ఇంకో ఎత్తు. ఉదయ్‌కుమార్‌కు బాధ కలిగింది. కానీ కౌంటరే లేకపోతే ఆ బెంచీ, ఆ గడియారం చూపులు కూడా ఉండవన్న ఆలోచన ఆ బాధను చాలావరకు మాన్పింది.

తనిఖీకి రాయపూర్ నుంచి సత్యప్రసాద్ అనే పెద్దాఫీసరు వచ్చాడు. టోకెన్ యంత్రం లెక్క చూశాడు.

"మూడో కౌంటరుకి పది నెలల్లో పదకొండు మందేనా?"

"పదకొండో మనిషికి యంత్రం చెడిపోయింది సార్" అన్నాడు ఉదయ్‌కుమార్ నెమ్మదిగా.

"సరే. లెక్క లెక్కే. దాని మీద ఫిర్యాదులున్నాయా? కౌంటరు మూసేముందు ఒక్కొక్కటీ చదివి సంతకం పెట్టాలి, రూలు."

"ఉన్నాయి సార్. రెండు వందల పద్నాలుగు."

సత్యప్రసాద్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. టీ తెప్పించుకున్నాడు. మొదటి ఆత్మకథను ఓపిగ్గా దాటాడు. దాటాక ఆగి, ఆ కింది ముక్క పైకి చదివాడు.

"'సెక్టర్ 2 నూకమ్మ వేలిముద్రను యంత్రం ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళు అంట్లు తోమిన వేలికి గీతలెక్కడివి? ఈ ఉద్యోగిని ఆమెను పొమ్మనక, వేలు తుడిచి ఏడుసార్లు ప్రయత్నించి, ఆనక కాగితం ఫారం తానే నింపి పింఛను ఇప్పించినది. ఇరవై రెండు నిమిషాల కాలయాపన.'"

ఇంకో పేజీ తిప్పాడు. "'ఫోనులో ఎవడో లాటరీ అన్నాడని రిటైర్డు క్రేన్ డ్రైవరు డబ్బు పంపబోగా, ఈమె పంపకుండా ముప్పై అయిదు నిమిషాలు వాదించి, ఆయనచేత తిట్లు తిన్నది. వెనకున్నవారికి ఆలస్యం. అందులో నేనూ ఒకడిని.'"

వీటన్నిటికీ మెమోలిచ్చినవాడు ఉదయ్‌కుమార్. ఇప్పుడు చెవులు వేడెక్కి నేల చూపులు చూశాడు.

సాయంత్రానికి రెండు వందల పద్నాలుగూ అయ్యాయి. "యంత్రం పదకొండంటోంది. ఈయన పేరూ సెక్టరూ టైమూ వేసి రెండు వందల పద్నాలుగు మందిని చూపిస్తున్నాడు. ఎవర్ని నమ్మమంటావయ్యా?" అని సత్యప్రసాద్ ఫారం మీద 'మూడో కౌంటరు కొనసాగించవలెను' అని రాసి, కింద గీత కూడా గీశాడు.

మర్నాడు ఉదయ్‌కుమార్ తిరుమలరావు గారిని తన గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మీనాక్షి కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అంకుల్‌జీ, ఇవన్నీ తారీఫులే కదా! మెచ్చుకోళ్ళ పుస్తకం పక్కనే ఉంది, అందులో రాయొచ్చుగా?"

"అది తెరిచి సూసినావా ఎప్పుడైనా?"

ఉదయ్‌కుమార్ చూడలేదు. అది ఏ అలమరలో ఉందో కూడా ఇప్పుడే ఆలోచిస్తున్నాడు.

"మా ఫర్నేసు కాడ షిఫ్టు లాగ్‌బుక్కుండేది బాబూ. 'అంతా బాగున్నాది' అని ఏళ్ళ తరబడి రాసినా ఒక్క ఇంజినీరూ తిప్పి సూడ్లేదు. 'ఏటో తేడాగున్నాది' అని ఒక్క ముక్క రాయి, హెల్మెట్టు మర్చిపోయి పరిగెట్టుకొస్తారు. నాలుగో కౌంటరు పీకీసిన్నాడే అనుకున్నాను, తర్వాతది ఇదేనని. అందుకే పదినెల్లు తేడా రాసినాను."

"రెండు వందల పద్నాలుగు సంజాయిషీలు రాశాను అంకుల్!" మీనాక్షి గుమ్మం దాటి లోపలికొచ్చింది. "ఒక్క మాట నా చెవిన వెయ్యకూడదా?"

"ఎలా చెప్తానమ్మా? చెప్తే నా మెప్పు కోసం చేస్తావు. అప్పుడది నాటకమైపోతాది. నాను అబద్ధం రాసే మనిషిని కాను." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "అయినా నీకొచ్చిన నష్టమేటి? మొదట్లో నీ చేతిరాత కోడి గీకినట్టుండీది. ఇప్పుడు సూసుకో, ముత్యాల్లాగున్నాది."

మీనాక్షి చేతిలో ఉన్న పెన్ను మూత ఆయన మీదికి విసిరింది. అది గురితప్పి మేనేజరు టీ కప్పులో పడింది. ఖాతాదారు మీద దాడి జరిగితే వెంటనే పై ఆఫీసుకు తెలియజేయాలని రూలుంది. ఉదయ్‌కుమార్ ఆ మూతను చెంచాతో తీసి, తుడిచి, మీనాక్షికి మళ్ళీ అందించాడు.